పచ్చగాజుల మాట

గాజులాయన పోయాడని నాకు సంగారెడ్డి కచేరీ ముందు తెలిసింది. చెప్పినవాడు బండి కరీం. నారాయణఖేడ్ నుంచి ఎవరినో దావా పనిమీద తీసుకొచ్చి, ఎడ్లను విప్పి నీళ్లు తాపుతున్నాడు. నన్ను చూడగానే బొక్కెన కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"మన గాజుల కాక పోయిండు సేట్. పొద్దుగాల లేచి మొఖం కడుక్కున్నడు, దుకాణం గద్దె మీద కూసున్నడు, అట్లనే ఒరిగిండు. ఖేడ్‌ల ఉన్నోళ్లందరు వచ్చిన్రు మట్టికి. నువ్వొక్కనివే లేవు."

నాకు కబురెందుకు పంపలేదని అడగలేకపోయాను. ఖేడ్‌లో నా బట్టల దుకాణం ఎత్తేసి సంగారెడ్డికి వచ్చిన తర్వాత నేను ఆయన గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి ఆ సంగతి మోయడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన పేరు రాయను. ఖేడ్‌లో ఆయన కొడుకు ఇంకా అదే గద్దె మీద కూర్చుని గాజులు అమ్ముకుంటున్నాడు. అయినా ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. ఆడవాళ్లకు గాజులన్న, మాకు గాజుల కాక.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వేళ్లకు ఎప్పుడూ కొంచెం నూనె తడి. ఆడవాళ్ల మొఖాలు ఆయనకు గుర్తుండేవి కావు, మణికట్లు గుర్తుండేవి. ఐదేళ్ల తర్వాత ముసుగేసుకుని వచ్చిన మనిషి ఊరికే చెయ్యి చాపితే చాలు. "నువ్వు మనూర్ కాపోళ్ల కోడలివి గద? కుడిచెయ్యి ఒక నూలు లావుండె. ఇప్పుడు రెండు చేతులు ఒక్కతీరైనయి. పనెక్కువైందా బిడ్డా?" అనేవాడు. ఆమె అక్కడే కళ్లు తుడుచుకునేది. అంతవరకు ఆమెను ఆ మాట అడిగినవాడు లేడేమో.

గాజు పగిలితే పగిలిందనేవాడు కాదు, "పెరిగింది" అనేవాడు. ఎవరైనా పగిలిందంటే ఆ మాట గాలిలో ఆగిపోవాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టేవాడు. బోరంచ అమ్మవారి జాతరకు భుజాన మలారం వేసుకుని నడిచిపోయేవాడు. తాళ్లకు గుచ్చిన ఆ గాజుల బరువు ఒక మనిషిని మోసినంత ఉండేది. దారిలో ఎదురైన ప్రతి పిల్లతోనూ మాట్లాడేవాడు.

ఆయన అసలు విద్య గాజు ఎక్కించడం. బిగుతు గాజు ఎముక దాటేటప్పుడు ఎంత గట్టి మనిషైనా అరుస్తుంది. ఆయన దగ్గర ఎవరూ అరిచేవాళ్లు కారు. చెయ్యి పట్టుకోగానే ఏదో ఒక కథ మొదలుపెట్టేవాడు. అత్తను గంపకింద దాచిన కోడలి కథో, బీదరు దర్వాజలో ఇరుక్కుపోయిన ఒంటె కథో. ఆ మనిషి నవ్విందా, ఆ నవ్వుకు చెయ్యి వదులైన క్షణంలో గాజు లోపలికి పోయేది. "గాజు ముందు చెవుల పడాలె, తర్వాత చేతికి ఎక్కుతది" అని నాతో చాలాసార్లు అన్నాడు. నేనది వ్యాపారపు కిటుకు అనుకున్నాను. అదెంత దూరం పోగలదో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నాయన పోయి దుకాణం నా చేతికొచ్చింది. ఆయన దుకాణానికీ నా దుకాణానికీ మధ్య ఒక్క తడిక అడ్డం. ఆయన చెప్పే కథలన్నీ నాకు వినిపించేవి.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. జొన్న పండింది, కంది పండింది. పండినదానికి ధర లేదు. దేశమంతా అట్లాగే ఉందని, సముద్రాల అవతల కూడా అంతేనని కచేరీ గుమాస్తా ఉర్దూ పత్రిక చదివి చెప్పేవాడు. రైతులు జొన్నల బస్తాలు అంగడికి తెచ్చి, కొనేవాళ్లు లేక అదే బండిమీద వెనక్కి తీసుకుపోయేవాళ్లు. అంగడి రోజున కూడా మా దుకాణాల ముందు కుక్కలు పడుకునేవి. మా వరసలోనే ఇద్దరు దుకాణాలకు తాళమేసి బీదరు దారి పట్టారు.

నేను రోజంతా దిగాలుగా కూర్చునేవాణ్ణి. ఎవరైనా బేరమాడి కొనకుండా పోతే కసురుకునేవాణ్ణి. ఆయన తడిక మీది నుంచి తొంగిచూసి అనేవాడు: "కొననోని మీద కోపమెందుకు? కొననోడు గూడ దుకాణం ముంగట నిలవడాలె. నిలవడ్డోడు ఇయ్యాల గాకుంటే వచ్చే అంగడికి కొంటడు."

నిలబెట్టడానికి ఆయన పైస ఖర్చు లేకుండా ఎన్ని ఉపాయాలు చేశాడో. జతలు తప్పిన ఒంటి గాజులన్నీ తాడుకు గుచ్చి కరీంలాంటి బండ్లవాళ్లకిచ్చి ఎడ్ల మెడలో కట్టించాడు. బండి ఊళ్లోకి పోతుంటే గలగలమని చప్పుడు. ఎక్కడివని అడిగితే ఖేడ్ గాజులాయన ఇచ్చాడని వాళ్లు చెప్పేవాళ్లు. తల్లి వెంట వచ్చిన ఆడపిల్ల ఒక చేతికి ఊరికే ఒక గాజు తొడిగేవాడు. రెండో చేతికి తొడిగేవాడు కాదు. "రెండోది వచ్చే అంగడికి బిడ్డా" అనేవాడు. ఆ పిల్ల ఎనిమిది రోజులు తల్లిని పీక్కుతినేది. ఆయన దగ్గర గాజులు వేయించుకున్నవాళ్లకు నేను రవికె గుడ్డ కొంచెం తగ్గించి ఇవ్వాలి, నా దగ్గర గుడ్డ కొన్నవాళ్లను ఆ రంగు గాజులకు ఆయన దగ్గరికి పంపాలి. ఇది మా ఒప్పందం. రెండు మూడు నెలలు వీటితోనే గడిచింది. తర్వాత ఇవి కూడా పనిచెయ్యలేదు. జనం ఉప్పూ కిరసనాయిలూ తప్ప మరేదీ కొనని రోజులొచ్చాయి.

అదే సమయంలో ఉత్తరాది నుంచి ఆయనకు మూడు పెట్టెల గాజులు వచ్చాయి. తెరిచి చూస్తే మూడూ పచ్చవే. రంగులు కలిపి పంపమంటే ఎవరో పొరపాటున ఒకటే రంగు పంపారు. ఆయన ఆ పెట్టెలను దుకాణం మధ్యలో పెట్టుకుని రెండు వారాలు వాటివైపే చూశాడు.

ఒక అంగడి రోజున తడిక అవతల ఆయన గొంతు వినిపించింది. ఎదుట మనూర్ దిక్కు నుంచి వచ్చిన ఒకావిడ.

"మీ దిక్కు గా పచ్చగాజుల ముచ్చట వచ్చిందా వదినె?"

"ఏం ముచ్చట?"

"ఏం లేదులే. నాకెందుకు? గాజులమ్మెటోణ్ణి. చెప్తే బేరం కోసం చెప్పిండంటరు."

"మధ్యల ఆపితె ఎట్ల? చెప్పు మరి."

"ఒక్కడే కొడుకున్న తల్లికి ఆడబిడ్డ వచ్చి చేతికి ఐదేసి పచ్చగాజులు పెడితె, ఆ పిల్లగానికి మంచిగుంటదట. బోరంచ అమ్మ ఎవలికో కలల చెప్పిందట. నిజమో అబద్ధమో. నువ్వు మాత్రం ఎవ్వలికి చెప్పకు."

ఆమె పచ్చగాజులు చూపించమంది. ఆయన చూపించలేదు. "ఇప్పుడొద్దు, తొందరేముంది" అని ఎర్రవే వేసి పంపాడు. ఆ రోజు ఆ మాట ముగ్గురితోనే అన్నాడు. ముగ్గురూ మూడు దిక్కుల ఊళ్ల వాళ్లు. అంగడి పలచబడ్డాక నేను అవతలికి పోయి అడిగాను.

"కల ఎవలికి వచ్చింది కాకా?"

"నాకే. కండ్లు తెరుచుకొని కన్న" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మూడు వారాలకు ఆ మాట తిరిగి వచ్చింది. పొద్దున దుకాణాలు తెరవకముందే ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. మొదటి పెట్టె ఆ ఒక్క అంగడిలో అయిపోయింది. ఆయన చేతులు ఆడుతూనే ఉన్నాయి, కథలు చెప్పే తీరిక కూడా లేదు. నా దుకాణం ముందు మాత్రం ఎవరూ లేరు. మధ్యాహ్నం కొంచెం సందు దొరకగానే తడిక మీద వంగి చెప్పాను.

"గాజులొక్కటేనా కాకా? పచ్చ రవికె గుడ్డ గూడ కలుపు. థాను మొత్తం అట్లనే పడున్నది."

ఆయన నావైపు ఒక్క క్షణం చూశాడు. "నీ ఇల్లు గూడ నడవాలె గద" అని తలూపాడు. మరుసటి అంగడికి ఆడవాళ్లు నా దుకాణం మెట్లెక్కి, గాజులు చుట్టి ఇవ్వడానికి పచ్చ గుడ్డ కావాలని అడిగారు. అమ్మ అట్లాగే చెప్పిందట.

ఆ తర్వాతి అంగడికి బోరంచ దిక్కు నుంచి ఒకావిడ వచ్చింది. నడిచొచ్చిన ఆయాసం తీరకముందే చెయ్యి చాపింది. "జల్దీ కట్టియ్యి గాజులన్నా, మా వదినెకు పెట్టాలె. ఈ అమాస దాటితె కొడుకు దక్కడట" అంది. ఆయన చేతిలోని గాజు పుటుక్కుమంది.

"ఎవలన్నరు గా మాట?"

"అందరంటున్నరు. ఒక ఊళ్ల ఒక పిల్లగాడు పోయిండట గూడ."

ఆమె పోయాక ఆయన తడిక దగ్గరికి వచ్చాడు. "నేను మంచి అన్న బిడ్డా. మంచిగుంటదనే అన్న. సావు ఎవలు కలిపిన్రు?" అన్నాడు. లేచి నిలబడి జనానికి చెప్పేస్తానన్నాడు. నా దుకాణంలో అప్పుడు పదిమంది ఉన్నారు. నేను గొంతు తగ్గించి చెప్పాను.

"ఇప్పుడు అబద్ధమన్నవంటె రెండు దుకాణాలు పోతయి. అమాస ఎంత దూరమున్నది, ఎనిమిది దినాలు. దాటిపోతది కాకా. మర్చిపోతరు."

ఆయన మళ్లీ గద్దె మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం వాళ్ల ఇంటికి పోతే, ఆయన భార్య నాకు మంచినీళ్ల చెంబు అందించింది. చేతికి ఐదు పచ్చగాజులు. వాళ్లకు ఒక్కడే కొడుకు. నేను ఆయనవైపు చూశాను. ఆయన నేలవైపు చూస్తూ, "నా చెల్లెను పిలిపించిన. ఏం చెయ్యాలె? సావు మాట ఇన్నంక నాకే దడ పుట్టింది" అన్నాడు.

అమావాస్యకు రెండు రోజులుందనగా సంగవ్వ వచ్చింది. పేరు మాకు తర్వాత తెలిసింది. నలభై ఏళ్లుంటాయి. బోసి చేతులు, బోసి నుదురు. మనూర్ అవతల నాలుగు కోసుల దూరంలోని ఊరు. ఆ దూరమంతా నడిచే వచ్చింది. జనం తగ్గేదాకా పక్కన నిలబడి, అప్పుడు ముందుకొచ్చింది.

"మా అన్నకు ఒక్కడే కొడుకు. ఆడబిడ్డను నేనొక్కదాన్నే. మొగడు లేనిదాన్ని. నా చేతుల మీద గాజులియ్యొచ్చునా? ఇయ్యకుంటె పిల్లగానికి కీడంటుండ్రు. ఇస్తె కీడని మా వదినె భయపడుతుంది. నువ్వు తెలిసినోనివి, చెప్పన్నా."

మాట పుట్టించినప్పుడు ఇట్లాంటి మనిషి కూడా ఉంటుందని గాజులాయనకు తట్టలేదు. కొనొద్దని ఆమెకు చెప్పి పంపొచ్చు. కానీ ఊరంతా కీడంటుంటే ఆమె వట్టి చేతులతో ఎట్లా పోతుంది? ఆయన తడిక వైపు చూశాడు. నేను గుడ్డ కొలుస్తున్నట్టు తల వంచుకున్నాను.

"గాజుకు చేతి దోషం ఉండదవ్వా. ఇయ్యి. ఏం కాదు" అన్నాడు చివరికి. తన చేతులతోనే పది గాజులు ఏరి కట్టాడు. ఆమె నా దగ్గర రవికె గుడ్డ తీసుకుని, గాజులు అందులో చుట్టి, పిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని పోయింది.

అమావాస్య దాటింది. ఎక్కడా ఏమీ కాలేదు. మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం. నాలుగో రోజు మధ్యాహ్నం కరీం బండి తోలుకుంటూ దుకాణం ముందుకొచ్చి ఆపాడు. మనూర్ అవతలి ఆ ఊరి నుంచే వస్తున్నాడు.

"కాకా, ఒక పిల్లగాడు పోయిండు. మూడు దినాలు జ్వరం, వాంతులు. మేనత్త పెట్టిన గాజులల్ల బాణామతి ఉన్నదంటున్నరు. ఆమెను కొట్టంల ఏసి తాళమేసిన్రు. రేపేం చేస్తరో తెల్వదు."

బాణామతి అంటే మా దిక్కున చేతబడి. ఆ పేరు పడిన ఆడమనిషికి ఏం జరుగుతుందో మాకందరికీ తెలుసు. గాజులాయన గద్దె దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా బండెక్కాడు. "నువ్వు గూడ రా" అని నాతో అనలేదు. నేనే ఎక్కాను.

పొద్దు వాలకముందే ఆ ఊరు చేరాం. పటేల్ ఇంటి ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. అంతమంది ఉన్నా చప్పుడు లేదు. మధ్యలో ఒక చాట. చాటలో పచ్చగాజు ముక్కలు, కోసిన నిమ్మకాయ, నా థానులోని గుడ్డ. పిల్లవాడి తండ్రి మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. తల్లి గోడకు ఆనుకుని ఉంది. గాజులు పగలగొట్టుకున్న చోట ఆమె మణికట్ల మీద గీతలున్నాయి.

గాజులాయన చాట ముందు నిలబడ్డాడు. జాతరలో వెయ్యిమందిలో వినిపించే ఆయన గొంతు ఆ రోజు పలచగా వచ్చింది.

"ఆ గాజులు నా దుకాణంవి. అమ్మ ఎవ్వలి కలలకు రాలే. ఆ మాట నేనే పుట్టించిన. పెట్టెలు అమ్ముడుపోతలేవని పుట్టించిన. ఆమెకేం తెల్వదు. ఆమెను ఇడువుండ్రి."

ఒకాయన చాటలోకి వేలు చూపి, "మరి గుడ్డ?" అని అడిగాడు.

నేను బండి పక్కన ఎద్దు పలుపు పట్టుకుని నిలబడ్డాను. గాజులాయన నావైపు తిరగలేదు. కళ్లు కూడా తిప్పలేదు.

"గది గూడ నేనే చెప్పిన. నేనొక్కణ్ణే" అన్నాడు.

ముందుకు ఒక్క అడుగు వేసి ఒక్క మాట అంటే చాలు. ఆ అడుగు నేను వెయ్యలేదు.

పిల్లవాడి తండ్రి తలెత్తాడు. "నీకెంతమంది కొడుకులు?"

"ఒక్కడే."

"నువ్వే పుట్టించిన మాటైతె, నీ పెండ్లానికి పచ్చగాజులు పెట్టించినవా లేదా?"

ఆ ఊరికి ఆ సంగతి తెలిసే దారి లేదు. లేదని చెబితే అక్కడితో తేలిపోయేదేమో. ఆ రోజు ఆయన అబద్ధం చెప్పే స్థితిలో లేడు.

"పెట్టించిన" అన్నాడు.

జనంలో ఒక నిట్టూర్పు లేచింది. వెనక కూర్చున్న ఒక ముసలామె కర్ర పట్టుకుని లేచి వచ్చింది. కోపం లేదు ఆమెకు. తెలియని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వెవలివి కొడుకా పుట్టించనీకె? అమ్మ పలికించింది, నువ్వు పలికినవ్. గంతే. నీ కొడుకుకు మంచి చేతితో పెట్టించినవు, బతికిండు. మా పిల్లగానికి పాడు చెయ్యి తగిలింది, పోయిండు."

ఆయన మళ్లీ చెప్పాడు. మూడు పెట్టెల సంగతి, ముగ్గురు ఆడవాళ్ల సంగతి, ఎవరితో ఏ మాట అన్నదీ అంతా చెప్పాడు. ఆ ముగ్గురిలో ఒకావిడ పేరు విని ఎవరో, "అవును, ఆమెకే ముందు తెలిసింది, అమ్మ దయున్న మనిషి" అన్నారు. ఆయన చెప్పినకొద్దీ వాళ్ల నమ్మకం గట్టిపడింది. నేను ఎన్నో బేరాలు చూశాను. ఎవరూ కొననిదాన్ని కూడా అమ్మగలిగిన ఆ మనిషి ఆ రోజు నిజాన్ని ఒక్కరికీ అమ్మలేకపోయాడు.

చివరికి పటేల్ లేచి ఆయన్ని పక్కకు పిలిచాడు. "ఈ ముచ్చట పోలీసు అమీన్ సాబు దాక పోతె ఊరంత ఖరాబైతది. పొద్దు గూకకముందే ఆమెను తీస్కపో. మల్ల ఈ ఊళ్ల అడుగు పెట్టొద్దు. పొద్దు గూకినంక నా మాట ఎవ్వలు ఇనరు" అన్నాడు.

కొట్టం తలుపు తీశారు. సంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. కొంగు ఎర్రగా తడిసి ఉంది. ముందరి పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని మా దిక్కున నమ్మకం. మేం రావడానికి ముందే ఆ పని అయిపోయింది.

బండి ఊరు దాటాక గాజులాయన తన తలగుడ్డ తడిపి ఆమెకిచ్చాడు. "అవ్వా, నీ చెయ్యి ఏం చెయ్యలే. నా నోరు చేసింది. ఇను అవ్వా, అది నా మాట" అని చెబుతూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఊరివైపే చూస్తూ కూర్చుంది. కరీం ఎడ్ల మెడలోని గాజుల తాడు తెంపి దారి పక్కన పారేశాడు.

ఆమెకు పోవడానికి ఊరు లేదు కాబట్టి గాజులాయన ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన భార్య వెనకగదిలో చాప వేసి ఇచ్చింది. అంగడిలో మాత్రం ఆమెను చూసి కొందరు దారి తప్పుకుని నడిచేవాళ్లు.

గాజులాయన దుకాణం మూయలేదు. వేరే పని రాదు. కానీ గాజు ఎక్కించేటప్పుడు కథ చెప్పడం మానేశాడు. పెదవులు బిగించి, చెయ్యి పట్టుకుని, తొడిగి వదిలేసేవాడు. ఆడవాళ్లు కళ్లలో నీళ్లు తిప్పుకునేవాళ్లు. గాజులన్న చెయ్యి మొద్దుబారిందని అనుకునేవాళ్లు. కొందరు వేరే దుకాణానికి పోయారు.

ఆయన నన్ను ఒక్కనాడూ నిలదీయలేదు. అదే నాకు కష్టమైంది. తడిక అవతల ఆయన దగ్గు వినిపించినా నా చేతిలో గజం బద్ద ఆగిపోయేది. రెండేళ్లు ఓర్చుకుని, సంగారెడ్డిలో బేరం బాగుంటుందని పేరు పెట్టి దుకాణం ఎత్తేశాను. బయల్దేరిన రోజు ఆయన బండి దాకా వచ్చాడు.

"మల్ల ఏదో మాట లేచింది బిడ్డా. ఈసారి పసుపు గాజులట. కర్ణాటకం దిక్కు నుంచి వచ్చింది. నేను పుట్టించలే" అన్నాడు.

"నాకెరుక కాకా" అన్నాను.

"పొద్దున ముగ్గురొచ్చి అడిగిన్రు. నా దగ్గర లేవన్న. ఎదురు దుకాణంల కొనుక్కపోయిన్రు. ఇగ అది ఆగదు."

కరీం కబురు చెప్పాక నేను పదో రోజు కర్మకు ఖేడ్ పోయాను. ఇల్లంతా చుట్టాలు. కొడుకు తల గీయించుకుని కర్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. సంగవ్వ వెనకగది గడపలో జొన్నలు చెరుగుతూ కనిపించింది. జుట్టంతా తెల్లబడింది. పక్కన నలుగురు ఆడవాళ్లు పని చేసుకుంటున్నారు. నేను పోయి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"ఒక్క దినం ఇడవలే కొడుకా" అంది. పళ్లు లేక మాట గాలిలా వచ్చింది. "పొద్దుగాల లేవంగనే నా దగ్గరికొచ్చుడు. అవ్వా, నీ చెయ్యి కాదు, నా నోరు అనుడు. పోయిన నాడు గూడ మొఖం కడుక్కొని అదే చెప్పి గద్దె మీద కూసున్నడు. నా పాపం తన నెత్తిన ఏస్కొని మోసిండు. నా చేతుల సచ్చిన పిల్లగాని పాపం. గసొంటి మనిషి మల్ల పుట్టడు."

పక్కనున్న ఆడవాళ్లు తలలూపారు. ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది.

అప్పుడు చెప్పాను. ఇన్నేళ్లూ చెప్పనిదంతా చెప్పాను. తడిక మీది నుంచి విన్నది, గుడ్డ కలపమన్నది, అబద్ధమని చెప్పేస్తానన్న మనిషిని ఆపింది, ఆ ఊళ్లో ఎద్దు పలుపు పట్టుకుని నోరు మూసుకున్నది. నా గొంతు పెద్దదైంది. అవతల కర్మ చేయిస్తున్న అయ్యగారు కూడా తిరిగి చూశాడు. "ఆయన చెప్పింది నిజమవ్వా. అది మా ఇద్దరి పని. నీ చెయ్యి ఏ పాపం చెయ్యలే" అన్నాను.

సంగవ్వ చాట పక్కన పెట్టింది. పొట్టంటిన చేత్తో నా తల నిమిరింది.

"గిట్ల అనుమని నీకు గూడ చెప్పి పోయిండా కొడుకా?" అంది.